మీకు తెలుసా? తడి సిమెంటులో డ్రాగన్ అడుగు

ఈసారి కాలమ్ మొత్తం ఒకే ఒక్క సినిమాకి ఇచ్చేస్తున్నాను. 1977 నవంబర్ 3న న్యూయార్క్‌లోని రేడియో సిటీ మ్యూజిక్ హాల్‌లో మొదటి ఆట పడిన డిస్నీ సినిమా ‘పీట్స్ డ్రాగన్’. పీట్ అనే దిక్కులేని పిల్లవాడు, వాడికి తోడుగా ఎలియట్ అనే డ్రాగన్. ఆకుపచ్చ ఒళ్లు, కాస్త ముందుకొచ్చిన పొట్ట, నెత్తిన గులాబిరంగు జుట్టు, అంత శరీరానికి ఏ మూలకూ చాలని బుల్లి రెక్కలు. ఇష్టమైతే కనిపిస్తాడు, లేకపోతే మాయమైపోతాడు. సినిమాలో చాలాసేపు మాయమయ్యే ఉంటాడు. తెర మీద ఉన్నాడని మనకి తెలుస్తూనే ఉంటుంది, కంటికి మాత్రం ఆనడు. అలా ఆనకుండా ఉండడానికి ఎంతమంది ఎంత కష్టపడ్డారో తెలిశాక ఆ సినిమా మీద నా ఇష్టం రెట్టింపైంది. అందుకే ఈ ముచ్చట్లు.

◆

కథ జరిగేది 1900ల తొలినాళ్లలో, అమెరికా ఈశాన్యపు కొసన ఉన్న మెయిన్ రాష్ట్రంలో. ఊరి పేరు పాసమక్వాడీ. ఊరు కల్పితమే కానీ పేరు అసలుదే. ఆ తీరాన తరతరాలుగా ఉంటున్న ఆదివాసీ జాతి పేరది. పొల్లాక్ అనే సముద్రపు చేపను ఈటెతో పొడిచి పట్టేవాళ్లు అని అర్థం. మెయిన్‌కీ కెనడాకీ నడుమ ఉన్న అఖాతాన్ని కూడా ఆ పేరుతోనే పిలుస్తారు. సినిమాలో ఊరు ఊరంతా చేపల మీదే బతుకుతుంది. పీట్ వచ్చిన దగ్గర్నుంచీ వలలో చేప పడటం లేదని జనం గొణగడం మొదలుపెడతారు. పిల్లాడు అడుగుపెట్టిన వేళ మంచిది కాదనడం ఏ తీరంలోనైనా ఒకటే.

ఊళ్లోకి దిగిన నాటుమందుల డాక్టర్ టెర్మినస్‌కి ఈ పేరు నోరు తిరగదు. దాని మీదే ఓ పాట మొత్తం నడుస్తుంది.

◆

ఎలియట్ మొదటిసారి ఊళ్లోకి వచ్చే సన్నివేశం ఒక్కటి నిదానంగా చూడండి. పీట్ ముందు నడుస్తుంటాడు. వెనకాల ఖాళీ. రోడ్డు పక్కన కాలిబాటకి కొత్తగా సిమెంటు పోసి నున్నగా చదును చేసి ఉంటుంది, ఇంకా ఆరలేదు. మనం చూస్తుండగానే ఆ నునుపు మీద పెద్ద పాదం అంత గుంట దిగుతుంది. ఆ పక్కనే ఇంకొకటి. డ్రాగన్ లేడు, డ్రాగన్ బరువు మాత్రం ఉంది. ఆ తర్వాత వరసగా ఇంకా చాలా జరుగుతాయి, కర్రల దడి కూలడం సహా. ప్రతిసారీ జనం తల తిప్పి చూసేసరికి అక్కడ పీట్ ఒక్కడే నిలబడి ఉంటాడు. తిట్లన్నీ వాడికే.

మా పాత ఇంటి వాకిట్లో సిమెంటు చేసిన రోజు రాత్రి ఒక కుక్క అడ్డంగా నడిచి వెళ్లిపోయింది. పొద్దున లేచేసరికి నాలుగు అడుగులు. తాపీమేస్త్రీ సరిచేస్తానన్నాడు, నాన్నే ఉండనిమ్మన్నారు. ఆ కుక్కని మేమెవరమూ చూడలేదు. దాని రంగు తెలీదు, ఎవరి కుక్కో తెలీదు. కానీ ముప్ఫై ఏళ్లుగా వాన పడితే ముందు నీళ్లు నిలిచేది ఆ నాలుగు గుంటల్లోనే. మా మేనకోడలికి ఈ సినిమా చూపించిన రోజు, సిమెంటు సన్నివేశం రాగానే లేచి వాకిట్లోకి పరిగెత్తింది. కూర్చుని తన అరచెయ్యి ఆ గుంటలో పెట్టి చూసుకుంది. ఎలియట్ నిజమా అని ఆ తర్వాత నన్ను ఒక్కసారి కూడా అడగలేదు.

◆

సినిమా ఓ వింతతోనే మొదలవుతుంది. రాత్రిపూట అడవి. పీట్‌తో పొలం చాకిరీ చేయించే గోగన్ కుటుంబం కాగడాలు పట్టుకుని వాణ్ని తరుముతుంటుంది. పిల్లాడు నేలకి అంత ఎత్తున గాల్లో తేలిపోతూ వస్తుంటాడు. కనిపించని ఎలియట్ వీపు మీద కూర్చున్నాడని మనకి కాసేపటికి అర్థమవుతుంది. తరుముతున్నవాళ్లు ఒక్కొక్కరే ఏదో తోక తగిలినట్టు ఎగిరి బురదలో పడతారు.

ఇలాంటివి మనకి కొత్త కాదు. ‘మాయాబజార్’లో గిల్పం, గింబళి తమంతట తాము కదిలితే మన తాతల తరం కడుపుబ్బ నవ్వింది. మార్కస్ బార్ట్‌లే కెమెరా మాయ అది. ఆ సినిమా వచ్చింది 1957లో. విచిత్రం ఏమిటంటే ‘పీట్స్ డ్రాగన్’ కథ హక్కులు డిస్నీ చేతికి వచ్చింది కూడా ఆ 1957లోనే.

◆

మరి 1957లో కొన్న కథ తెర మీదకి రావడానికి 20 ఏళ్లు ఎందుకు పట్టింది? రాసినవాళ్లు సీటన్ మిల్లర్, ఎస్.ఎస్. ఫీల్డ్. అచ్చుకాని కథ. టీవీలో వేద్దామనుకుని పక్కన పెట్టేశారు. 1970ల మధ్యలో నిర్మాత జెరోమ్ కోర్ట్‌లాండ్ దాన్ని మళ్లీ బయటికి తీశాడు. మాల్కమ్ మార్మర్‌స్టీన్ స్క్రీన్‌ప్లే రాశాడు. మిల్లర్ సామాన్యుడు కాదు. ఎరాల్ ఫ్లిన్ నటించిన 1938 నాటి రాబిన్ హుడ్ సినిమాకి రాసినవాళ్లలో ఒకడు, 1941లో వచ్చిన ‘హియర్ కమ్స్ మిస్టర్ జోర్డాన్’ స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ పంచుకున్నవాడు. 1974లో పోయాడు. తన డ్రాగన్ ఎలా ఉంటాడో చూసుకోలేదు.

◆

అసలు ఎలియట్‌ని చూపించాలా వద్దా అన్నదే స్టూడియోలో పెద్ద తగువు. మొదటి ఆలోచనలో డ్రాగన్ సినిమా అంతా కనిపించకుండానే ఉంటాడు. ప్రేక్షకుడు తన మనసులో తనకి నచ్చిన డ్రాగన్‌ని గీసుకోవాలన్నమాట. ఇంతసేపు ఎదురుచూసిన పిల్లలకి చివరికి ఏమీ చూపించకుండా ఇంటికి పంపుతామా అన్నది రెండో పక్షం. చివరికి రెండూ కలిపారు. పీట్ ఒంటరిగా ఉన్నప్పుడు, ప్రేమగా ఉన్నప్పుడు ఎలియట్ కనిపిస్తాడు. ఊళ్లో జనం మధ్య మాయమైపోతాడు.

నన్ను అడిగితే ఆ తగువు వల్లే సినిమా బతికింది. పూర్తిగా దాచేసి ఉంటే ఎలియట్ పీట్ ఊహ మాత్రమేనేమో అన్న అనుమానం చివరిదాకా పీకుతూనే ఉండేది. ఎప్పుడూ చూపించేసి ఉంటే తడి సిమెంటులో అడుగు పడినప్పుడు ఎవరికీ ఒళ్లు జలదరించేది కాదు.

◆

ఎలియట్ రూపం గీసింది కెన్ ఆండర్సన్. 1934లో డిస్నీలో చేరిన పాతకాపు. ‘స్నో వైట్’ నుంచి ‘జంగిల్ బుక్’ దాకా చాలావాటిలో ఆయన చెయ్యి ఉంది. పడమటి దేశాల కథల్లో డ్రాగన్ అంటే ఊళ్లు తగలబెట్టే దుర్మార్గం, చంపితేగానీ కథ ముగియదు. చైనా డ్రాగన్ అలా కాదు, వాన కురిపిస్తుంది, శుభం తెస్తుంది. అందుకే ఆండర్సన్ ముందు అటువైపు చూశాడు. ఆ పైన పొట్ట కాస్త పెంచాడు. నడకలో కొంచెం మొద్దుతనం పెట్టాడు. ముఖానికి, పోకడకి 1930ల నాటి నటుడు వాలెస్ బీరీని మనసులో పెట్టుకున్నాడు. భారీ మనిషి, మొరటు ముఖం, లోపల వెన్న. ‘ది చాంప్’లో కొడుకు కోసం బరిలోకి దిగే తాగుబోతు బాక్సర్‌గా బీరీని చూసినవాళ్లకి ఎలియట్ కళ్లు ఎక్కడివో ఇట్టే తెలిసిపోతుంది.

◆

ఎలియట్‌కి మాటలు రావు. నాలుక చప్పుళ్లు, గుటకలు, ఈలలు, ముక్కుతో గునుపులు. అవన్నీ చార్లీ కాలస్ అనే హాస్యనటుడు నోటితో చేసినవే. పీట్‌కి మాత్రం ఒక్కో చప్పుడుకీ అర్థం తెలుసు, జవాబు చెప్పేస్తుంటాడు. మాటలు రాని పసివాడి ఊకొట్టుకి తల్లి సమాధానం చెబుతుందే, సరిగ్గా అలా. ఇక్కడ మాత్రం పసివాడే పెద్ద ప్రాణికి అర్థం చెబుతాడు.

◆

గీసిన బొమ్మనీ నిజం మనుషుల్నీ ఒకే తెర మీద కలపడం ఎలా? కంప్యూటర్లు లేని రోజులు. ఇది కాస్త ఓపిగ్గా చెప్పుకోవాల్సిన ముచ్చట.

నటులు ఒక తెల్లటి తెర ముందు నిలబడతారు. ఆ తెర మీద సోడియం దీపాలు వేస్తారు. ఎల్‌ఈడీలు రాకముందు మన వీధుల్లో పసుపుగా వెలిగేవే, ఆ కుటుంబానికి చెందినవే. ఈ దీపాల సుగుణం ఏమిటంటే వాటి కాంతి దాదాపు ఒకే ఒక్క పసుపు, 589 నానోమీటర్ల దగ్గర సన్నటి గీత. కెమెరా లోపల ఒక గాజు పట్టకం ఉంటుంది, రెండు ఫిల్ములు ఒకేసారి తిరుగుతుంటాయి. పట్టకం ఆ ఒక్క పసుపునీ వేరుచేసి ఒక ఫిల్ము మీదికి పంపుతుంది. మిగిలిన రంగులన్నీ రెండో ఫిల్ముకి వెళ్తాయి. అంటే ఒక ఫిల్ము మీద నటుడి రంగుల బొమ్మ, ఇంకోదాని మీద అదే నటుడి ఆకారపు నల్లటి నీడ, రెండూ అదే క్షణంలో, వెంట్రుక వాసి తేడా లేకుండా వస్తాయి. ఆ నీడని కత్తిరింపు అచ్చులా వాడుకుని వెనక ఏ దృశ్యం కావాలంటే అది అతికిస్తారు.

నీలం తెర వాడే పద్ధతి అప్పటికే ఉంది. దానిలో జుట్టు అంచులు, పల్చటి ముసుగులు, గాజు గ్లాసులు అన్నీ గజిబిజి అయ్యేవి, నటులు నీలం బట్టలు వేసుకోకూడదు. సోడియం పద్ధతిలో గాలికి ఎగిరే ఒక్కో వెంట్రుకా నిలిచేది. దీన్ని సాధించినందుకు పెట్రో వ్లహోస్, వాడ్స్‌వర్త్ పోల్, అబ్ ఐవర్క్స్‌లకి ఆస్కార్ ఇచ్చారు. ‘మేరీ పాపిన్స్’ వచ్చిన 1964కిగాను ఇచ్చిన బహుమతి అది. ఈ అబ్ ఐవర్క్స్ ఎవరో కాదు, వాల్ట్ డిస్నీతో కలిసి మిక్కీ మౌస్‌కి రూపం ఇచ్చిన చెయ్యి.

‘పీట్స్ డ్రాగన్’లో కొన్ని షాట్లకి మూడు పొరలు వేశారు. వెనక నిజం దృశ్యం, ముందు నిజం మనుషులు, మధ్యలో గీసిన ఎలియట్. బొమ్మ మనిషి వెనక్కి వెళ్లగలదు, మనిషి ముందుకూ రాగలదు. పీట్ ఎలియట్‌ని ఆనుకుని కూర్చున్న దృశ్యాల్లో మన కన్ను మోసపోయేది ఆ మధ్య పొర వల్లే.

◆

ఖాళీ గాల్లోకి చూస్తూ అక్కడ ఎవరో ఉన్నట్టు నటించడం ఎంత కష్టమో దర్శకుడు డాన్ చాఫీకి బాగా తెలుసు. 1963లో ‘జేసన్ అండ్ ది ఆర్గనాట్స్’ తీసింది ఆయనే. అందులో అస్థిపంజరాలతో కత్తియుద్ధం చేసిన నటులు షూటింగులో ఖాళీ గాల్లోనే కత్తులు తిప్పారు. అస్థిపంజరాలు తర్వాత రే హారీహౌజెన్ చేతి మహిమతో వచ్చి చేరాయి. ఆ కొద్ది నిమిషాల పోరుకి హారీహౌజెన్‌కి నాలుగు నెలలపైన పట్టింది. అక్కడ నేర్చుకున్న విద్య ఇక్కడ ఓ చిన్న పిల్లవాడికి నేర్పాల్సి వచ్చింది. పీట్‌గా వేసిన షాన్ మార్షల్ చూపు చూడండి. ఎలియట్ ముఖం ఎంత ఎత్తులో ఉంటుందో సరిగ్గా అక్కడికే పోతుంది. ప్రేమగా చూస్తాడు, కోపంగా చూస్తాడు, అలుగుతాడు. అక్కడ ఎవరూ లేరు.

◆

డిస్నీలో ‘నైన్ ఓల్డ్ మెన్’ అని తొమ్మిది మంది దిగ్గజ యానిమేటర్లు ఉండేవారు. వాళ్లలో ఎవరి ప్రమేయమూ లేకుండా డిస్నీలో బొమ్మలు గీసిన తొలి సినిమాగా దీన్ని చెబుతారు. బాధ్యత అంతా డాన్ బ్లూత్‌ది, ఆయన వెంట ఉన్న కుర్రాళ్లది. రెండేళ్లు తిరక్కుండానే, 1979 సెప్టెంబర్ 13న, సరిగ్గా తన పుట్టినరోజున, బ్లూత్ కొందరు సహచరులతో కలిసి డిస్నీ వదిలి బయటికొచ్చేశాడు. ‘ది సీక్రెట్ ఆఫ్ నిమ్’, ‘యాన్ అమెరికన్ టెయిల్’, ‘ది ల్యాండ్ బిఫోర్ టైమ్’ ఆ తర్వాత వచ్చినవే.

ఉండిపోయినవాళ్లూ తక్కువ తినలేదు. ఎలియట్‌ని గీసినవాళ్లలో ఒకడైన గ్లెన్ కీన్ తర్వాత ‘ది లిటిల్ మెర్మెయిడ్’లో ఏరియల్‌కి, ‘బ్యూటీ అండ్ ది బీస్ట్’లో బీస్ట్‌కి ప్రాణం పోశాడు. బ్లూత్ కింద అసిస్టెంట్‌గా పనిచేసిన డాన్ హాన్ ‘ది లయన్ కింగ్’ నిర్మాత అయ్యాడు. 1990ల పిల్లలు ఏ బొమ్మల సినిమాలు చూసి పెరిగారో వాటిలో సగం చేతులు ఈ పొట్ట డ్రాగన్ దగ్గర పని నేర్చుకున్నవే.

◆

సినిమాలో పీట్‌ని చేరదీసే నోరా ఉండేది ఓ లైట్‌హౌస్‌లో. ఆ లైట్‌హౌస్ మెయిన్‌లో లేదు. అమెరికాకి ఆ చివర, కాలిఫోర్నియా తీరంలో, మారో బే దగ్గర పాయింట్ బ్యూకాన్ కొండ అంచున కట్టిన సెట్ అది. సెట్టే అయినా లోపల పెట్టిన దీపం అసలైనది, ఫ్రెనెల్ లెన్స్‌తో సహా. అది వెలిగిస్తే సముద్రం మీద పోయే ఓడలు నిజం లైట్‌హౌస్ అనుకుని దారి తప్పే ప్రమాదం ఉంది. అందుకని షూటింగ్ కోసం దీపం వెలిగించడానికి కోస్ట్ గార్డ్ దగ్గర ప్రత్యేకంగా అనుమతి తీసుకోవాల్సి వచ్చింది.

ఈ ఫ్రెనెల్ లెన్స్ సంగతి కూడా కాస్త చెప్పుకోవాలి. దీపం వెలుగు నాలుగు వైపులా చెదిరిపోతుంది. దాన్నంతా కూడగట్టి ఒక్క దారిలో పంపాలంటే పెద్ద భూతద్దం కావాలి. మనిషంత భూతద్దం చేస్తే దాని బరువుకి గోపురమే కుంగుతుంది, మందపాటి గాజు వెలుగునీ మింగేస్తుంది. ఫ్రాన్స్‌కి చెందిన అగస్టిన్ ఫ్రెనెల్‌కి తట్టిన ఉపాయం ఇది. భూతద్దంలో వెలుగుని వంచేది పై వంపు మాత్రమే, లోపలి మందం దండగ. ఆ మందాన్ని తీసేసి, వంపుని రింగులు రింగులుగా విడదీసి, మెట్లలా పేర్చాడు. 1823లో ఫ్రాన్స్‌లోని కార్డువాన్ లైట్‌హౌస్‌లో మొదట వెలిగింది. బళ్లలో, ఆఫీసు మీటింగుల్లో వాడిన ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ గాజు పలక మీద సన్నటి వలయాలు గమనించారా? అదీ ఇదే.

సినిమా పతాక సన్నివేశం ఈ దీపం చుట్టూనే తిరుగుతుంది. తుఫాను రాత్రి అల వచ్చి దీపం ఆరిపోతుంది. ఒత్తి తడిసిపోయి ఎంతకీ అంటుకోదు. ఓ ఓడ రాళ్ల వైపు వస్తుంటుంది. అప్పుడు ఎలియట్ ఊపిరి పీల్చి నిప్పు ఊదుతాడు. అదే సమయంలో నోరా అతన్ని మొదటిసారి కళ్లారా చూస్తుంది. ఇన్నాళ్లూ పీట్ మాటని ప్రేమకొద్దీ ఒప్పుకుంటూ వచ్చిందే కానీ లోపల నమ్మింది లేదు.

◆

ఆ నోరాగా నటించింది ఆస్ట్రేలియా గాయని హెలెన్ రెడ్డి. మన రెడ్డి ఇంటిపేరుకీ ఆమెకీ సంబంధం లేదు, పలుకుబడి ఒకటైందంతే. 1972లో ‘ఐ యామ్ ఉమన్’ పాటతో అమెరికాలో మొదటి స్థానం కొట్టిన గొంతు ఆమెది. ఈ సినిమాలో సముద్రంలో తప్పిపోయిన ప్రియుడి కోసం లైట్‌హౌస్ పైన నిలబడి పాడే ‘క్యాండిల్ ఆన్ ది వాటర్’ పాట ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. బహుమతి ‘యూ లైట్ అప్ మై లైఫ్’కి వచ్చింది. ఆ ఏడు రెండు పాటలూ వెలుగు గురించే.

పాటలు కట్టిన అల్ కాషా, జోయల్ హిర్షార్న్ జంటకి అప్పటికే రెండు ఆస్కార్లు ఉన్నాయి. ఒకటి 1972లో ఓడ తిరగబడే ‘ది పొసైడన్ అడ్వెంచర్’కి, రెండోది 1974లో భవనం తగలబడే ‘ది టవరింగ్ ఇన్‌ఫెర్నో’కి. నీటి ప్రమాదం, నిప్పు ప్రమాదం. మూడోసారి నీటి మీద నిప్పు వెలిగించి ఓడని కాపాడే కథ. ఇంకో సంగతి, ఇందులో గోగన్ తల్లిగా వేసిన షెల్లీ వింటర్స్, టెర్మినస్ శిష్యుడిగా వేసిన రెడ్ బటన్స్ ఇద్దరూ ఆ మునిగిన ఓడ సినిమాలో ఉన్నవాళ్లే.

◆

టెర్మినస్ పాత్రధారి జిమ్ డేల్ ఇంగ్లండ్ వాడు. అమెరికాలో హ్యారీ పాటర్ పుస్తకాలు ఏడింటినీ ఆడియోగా చదివింది ఆయనే, ఒక్కో పాత్రకి ఒక్కో గొంతుతో. ఇందులో డ్రాగన్ ఏ భాగం ఏ జబ్బుకి పనికొస్తుందో లెక్కలు వేసుకునే పాట పాడినవాడు తర్వాత ఒక తరం పిల్లలకి మంత్రాల కథలు చదివి నిద్రపుచ్చాడు.

◆

ఇప్పుడు ఈ సినిమాలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ వెంటాడే వస్తువు గురించి. అది డ్రాగన్ కాదు, ఓ కాగితం ముక్క. పీట్‌ని కొన్నామని గోగన్ కుటుంబం చూపించే క్రయపత్రం. వెల 50 డాలర్లు, ఆపైన కోర్టు ఖర్చులు. పశువుని కొన్నట్టు పిల్లాణ్ని కొన్నారు, పొలం పనికి. దాని మీద ఓ హుషారైన పాట కూడా పెట్టారు, పిల్లలు నవ్వుతారు. కానీ కథ ఎంచుకున్న కాలం, చోటు చూస్తే నవ్వు రాదు.

1854 నుంచి 1929 దాకా అమెరికా తూర్పు నగరాల నుంచి అనాథ పిల్లల్ని, గతిలేని పిల్లల్ని రైళ్లెక్కించి పల్లెలకి పంపేవారు. ఊరి సభామందిరంలో నిలబెడితే కావలసినవాళ్లు వచ్చి ఎంచుకునేవారు. 2 లక్షలకు పైగా పిల్లలు అలా వెళ్లారు. కొందరికి అమ్మానాన్నలు దొరికారు. కొందరికి దొరికింది పొలంలో చాకిరీ.

ఇంకా దగ్గరి సంగతి. పాసమక్వాడీ అఖాతం ఒడ్డునే ఈస్ట్‌పోర్ట్ అనే నిజం ఊరుంది. 1911లో లూయిస్ హైన్ అనే ఫొటోగ్రాఫర్ అక్కడికి వెళ్లాడు. బాలకార్మికుల కోసం పోరాడే జాతీయ సంఘం తరఫున దేశమంతా తిరుగుతున్నాడు. ఈస్ట్‌పోర్ట్ సార్డీన్ చేపల ఫ్యాక్టరీల్లో పెద్ద కత్తులు పట్టుకుని చేపల తలలు కోస్తున్న పిల్లల్ని ఫొటోలు తీశాడు. ఒకరిద్దరి చేతులకి కట్లు. ఆ బొమ్మలు అమెరికా గ్రంథాలయాల్లో ఇప్పటికీ ఉన్నాయి. పీట్ కల్పితం, కానీ వాడి వయసు పిల్లలు, వాడి కాలంలోనే, అదే అఖాతం ఒడ్డున తెల్లవారుజామున కత్తి పట్టారు. దేశం మొత్తానికీ బాలకార్మిక నిషేధ చట్టం నిలబడింది 1938లో.

చివర్లో గోగన్ తల్లి ఆ క్రయపత్రం ఊపుతూ వచ్చినప్పుడు ఎలియట్ దాన్ని ఒక్క ఊపిరితో కాల్చి బూడిద చేస్తాడు. దీపం వెలిగించడం అందరికీ గుర్తుంటుంది. నాకు మాత్రం ఎలియట్ ఊదిన నిప్పుల్లో ఈ చిన్నదే పెద్దది.

◆

పిల్లలు కనిపించని నేస్తాలతో మాట్లాడితే కంగారు పడే పెద్దలు ఇంకా ఉన్నారు. ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త మార్జొరీ టేలర్ ఏళ్ల తరబడి ఇలాంటి పిల్లలతో మాట్లాడింది. 2004లో ఆమె బృందం తేల్చిన లెక్క ప్రకారం ఏడేళ్లు వచ్చేసరికి 65 శాతం మంది పిల్లలకి ఎప్పుడో ఒకప్పుడు అలాంటి నేస్తం ఉండి ఉంటుంది. ఆ నేస్తం మనిషే కానక్కర్లేదు. జంతువు కావచ్చు, బొమ్మ కావచ్చు, ఏదీ కాని వింత జీవి కావచ్చు. ఇంకో మంచి మాట, అది నిజం కాదని చాలామంది పిల్లలకి తెలుసు. అడిగేవాళ్లే మరీ శ్రద్ధగా వివరాలు రాసుకుంటుంటే, ఇది ఉత్తుత్తిదేనండీ అని వాళ్లే జాలిపడి చెప్పిన సందర్భాలున్నాయి.

◆

పిల్లలకే అనుకోకండి. 1950లో వచ్చిన ‘హార్వీ’లో జేమ్స్ స్టూవర్ట్ స్నేహితుడు ఆరడుగుల పైచిలుకు కుందేలు. ఎవరికీ కనిపించదు. మేరీ చేజ్ రాసిన ఆ నాటకానికి 1945లో పులిట్జర్ వచ్చింది. అక్కడ కుందేలుని చూపించకుండానే ముగించారు. తలుపు తనంతట తాను తెరుచుకుంటుంది, అంతే.

1982లో స్పీల్‌బర్గ్ ‘ఈ.టీ.’ తీశాడు. అందులో వింత ప్రాణిని దాచిపెట్టి కాపాడే పిల్లవాడి పేరు ఎలియట్.

◆

1984లో ‘పీట్స్ డ్రాగన్’ని మళ్లీ విడుదల చేసినప్పుడు బాగా కుదించేశారు. చూస్తే నిడివి ఎక్కువున్న ప్రతినే చూడండి. పాటలు కొన్ని సాగుతాయి, ఆ మాట నిజమే. కానీ సారాయి కొట్టులో పీపాల మీద మిక్కీ రూనీ తదితరులు ఆడే ఆ నాట్యం ఒక్కటి చాలు. నాట్యాలు కూర్చిన ఓనా వైట్‌కి ‘ఆలివర్!’ సినిమాకిగాను ప్రత్యేక ఆస్కార్ ఇచ్చారు. రూనీకి అప్పటికి 50 ఏళ్లు దాటాయి. ఏడాదిన్నర పసివాడిగా ఉన్నప్పుడే స్టేజి ఎక్కిన మనిషి. డ్రాగన్‌ని చూసి అదిరిపోయిన వాడి కాళ్లు ఎలా వణకాలో ఆయన కాళ్లకి తెలుసు.

◆

2016లో డేవిడ్ లోరీ ఈ కథని కొత్తగా తీశాడు. న్యూజిలాండ్ అడవుల్లో షూటింగ్, వెటా స్టూడియో వాళ్ల కంప్యూటర్ పనితనం. ఈ ఎలియట్‌కి పొలుసులు లేవు, ఒళ్లంతా బొచ్చు, పెద్ద కుక్కపిల్లలా ఉంటాడు. పాటల హంగామా లేదు, ఊరు మారింది, కాలం మారింది. మాయమయ్యే విద్య మాత్రం ఉంచారు. చక్కటి సినిమా. పాతదాన్ని పక్కకి నెట్టకుండా దాని పక్కనే నిలబడింది.

◆

పాత కథ చివర్లో ఎలియట్ వెళ్లిపోతాడు. ఎక్కడో ఇంకో పిల్లవాడు కష్టంలో ఉన్నాడట. పీట్‌కి ఇప్పుడు ఇల్లుంది, నోరా ఉంది, కాబట్టి తన పని అయిపోయింది. పీట్ ఏడుస్తాడు, ఆపై తనే సర్దుకుని వీడ్కోలు చెబుతాడు.

అయితే ఎలియట్‌ని చూడాలంటే ఇంకో చోటు దొరికింది. డిస్నీ పార్కుల్లో రాత్రిపూట సాగిన మెయిన్ స్ట్రీట్ ఎలక్ట్రికల్ పెరేడ్ అనే దీపాల ఊరేగింపులో 1977లోనే ఎలియట్‌ని చేర్చారు. ఒళ్లంతా ఆకుపచ్చ, గులాబి బల్బులు. ముక్కు నుంచి పొగ. చుట్టూ దీపాలన్నీ ఆర్పేసి, చీకటి చేసి, ఆ చీకట్లోంచి నెమ్మదిగా వచ్చేవాడు. అంచున నిలబడ్డ పిల్లలకి ముందు కనిపించేది వాడి వీపు మీద కూర్చుని చెయ్యి ఊపుతున్న పీట్.